పాఠకుల ప్రశ్నలు: చేతిలో డబ్బు ఆడని రోజుల్లో ఖరీదైన లాప్‌టాప్ ఎవరు కొంటారు?

ప్రశ్న: నమస్తే సార్. వార్తల్లో ఎక్కడ చూసినా మాంద్యం, ఉద్యోగాల కోత. మా ఆఫీసులో ఇంక్రిమెంట్లు ఆపేశారు, ప్రింటర్ కాగితాలు కూడా లెక్కపెట్టి ఇస్తున్నారు. అయినా రెండు నెలల్లో మా సెక్షన్‌లోనే ముగ్గురు కొత్త లాప్‌టాప్‌లు కొన్నారు. అవీ మామూలువి కాదు, పై రకం. 2009లోనూ ఇలాగే జరిగిందట. ఖరీదైన కంప్యూటర్ల మీద జనం పెట్టిన ప్రతి పది డాలర్లలో తొమ్మిది ఒకే కంపెనీకి వెళ్లాయని చదివాను. డబ్బు లేదంటూనే ఖరీదైనది ఎలా కొంటారు? (ఒక అకౌంటెంట్)

జవాబు: ముందు ఆ ‘పదికి తొమ్మిది’ సంగతి తేల్చేద్దాం. శాతాలు చూసి అందరూ మోసపోతారు గానీ, అకౌంటెంట్ మోసపోకూడదు కదా.

అంకె నిజమే. ఎన్‌పీడీ అనే మార్కెట్ పరిశోధన సంస్థ 2009 జూన్ నెలకు అమెరికా రిటైల్ అమ్మకాల లెక్క తీసింది. వెయ్యి డాలర్లు, ఆ పైన ధర ఉన్న కంప్యూటర్ల మీద వచ్చిన రాబడిలో 91 శాతం యాపిల్‌దేనని తేలింది. 2008 మొదట్లో అది 66 శాతం. ఇది చదివితే ఎవరికైనా ఏమనిపిస్తుంది? ఉద్యోగాలు పోతుంటే జనం ఎగబడి మ్యాక్‌లు, అంటే యాపిల్ కంప్యూటర్లు, కొన్నారనిపిస్తుంది.

ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. ఆ ఏప్రిల్, మే, జూన్ నెలల్లో యాపిల్ ప్రపంచమంతటా అమ్మిన మ్యాక్‌లు సుమారు 26 లక్షలు. ముందు ఏడాది అదే మూడు నెలలతో పోలిస్తే పెరిగింది 4 శాతం. అంతకుముందు మూడు నెలల్లో అయితే 3 శాతం తగ్గాయి కూడా. ఒకటి అమెరికా కౌంటర్ల లెక్క, ఇంకొకటి ప్రపంచం మొత్తం లెక్క, ఒప్పుకుంటాను. అయినా వాటా అంత ఎత్తుకు ఎగిరినప్పుడు అమ్మిన పెట్టెలు నూటికి నాలుగే పెరగడం ఏమిటి?

ఎందుకంటే వెయ్యి డాలర్ల పైన ధర అనే గదిని మిగతా కంపెనీలు ఖాళీ చేసి వెళ్లిపోయాయి. గదిలో పదిమంది ఉంటే మీరు అందులో పదోవంతు. తొమ్మిదిమంది లేచి వెళ్లిపోతే గదిలో నూటికి నూరు శాతం మీరే. అంతమాత్రాన మీరేమీ లావెక్కలేదు.

వెళ్లినవాళ్లు ఎక్కడికి వెళ్లారో మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. 2007 చివర్లో ఏసస్ కంపెనీ ఏడంగుళాల తెరతో ఈ-పీసీ అని బుల్లి లాప్‌టాప్ తెచ్చింది. 2008లో ఇంటెల్ వాటికోసమే అన్నట్టు ఆటమ్ చిప్ విడుదల చేసింది. ఇక ఏసర్, హెచ్‌పీ, డెల్ అందరూ అటే పరిగెత్తారు. ఈ చవక బుల్లి లాప్‌టాప్‌లనే నెట్‌బుక్‌లు అనేవాళ్లు, వాటి కాలం అది. అప్పటికే మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆపరేటింగ్ సిస్టమ్ విండోస్ విస్టా పేరు చెడిపోయింది, విండోస్ 7 వచ్చింది 2009 అక్టోబర్ 22న. మధ్యరకం ధరలో కొనేవాడు ‘కొత్తది వచ్చేదాకా ఆగుదాం, ఈలోగా చవకది చాలు’ అనుకున్నాడు. పైగా మైక్రోసాఫ్టే 2009 మార్చిలో టీవీ ప్రకటనలు మొదలుపెట్టింది. ఒక అమ్మాయికి వెయ్యి డాలర్లలోపు పదిహేడంగుళాల లాప్‌టాప్ కావాలి. యాపిల్ స్టోర్‌లోకి వెళ్లి ఖాళీ చేతులతో బయటికొచ్చి, చివరికి 699 డాలర్లకు హెచ్‌పీ కొంటుంది. ప్రకటన సరదాగానే ఉంది గానీ, నా దృష్టిలో అది సెల్ఫ్ గోల్. వెయ్యి డాలర్ల పైన మా దగ్గర చూడకండి అని తామే చాటింపు వేసుకున్నట్టయింది.

యాపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ మాత్రం అప్పటికే, 2008 అక్టోబర్‌లో, మదుపరులతో ఫోన్‌లో మాట్లాడుతూ ఐదొందల డాలర్లకు చెత్త కాని కంప్యూటర్ ఎలా చెయ్యాలో మాకు తెలియదని చెప్పేశాడు. అదీ అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కుప్పకూలిన నెలకే. పొగరు అనుకోండి, పట్టుదల అనుకోండి, గది ఆయనకే మిగిలింది.

కాబట్టి మాంద్యంలో ఖరీదైనవి విరగబడి అమ్ముడవుతాయనేది సగం నిజం. ఖరీదైనవి నిలబడతాయి, మధ్యరకం కూలిపోతుంది. మధ్య మాయమయ్యేసరికి పైది పెద్దగా కనిపిస్తుంది.

మిగతా సగం, మీ సెక్షన్‌లో ఆ ముగ్గురూ ఎందుకు కొన్నారన్నది. ఇది నేను అంకెల్లో చూసింది కాదు, మనుషుల్లో చూసింది. ఆ రోజుల్లో నేను అమ్మకాల కౌంటర్ వెనక నిలబడేవాణ్ని. తర్వాత పదేళ్ల పైన రిపేర్ బల్ల ముందు కూర్చున్నాను. 2007లో వచ్చినవాళ్లు మెషిన్ చూడకముందే అడిగేవి రెండే: ఎంత తగ్గిస్తారు, బ్యాగు ఫ్రీయేనా. 2009 వచ్చేసరికి ఆ మాట మారిపోయింది. అందరూ ‘ఇది ఎన్నేళ్లు వస్తుంది?’ అనేవాళ్లు.

ఒకాయన నాకు బాగా గుర్తు. నలభై దాటి ఉంటాడు, ఇస్త్రీ చొక్కా, మెడలో కంపెనీ ట్యాగు. ఆ ట్యాగు తీసి జేబులో పెట్టుకుని, ‘దీంతో ఇక పని లేదు, నిన్నటితో అయిపోయింది’ అన్నాడు. చేతికొచ్చిన సెటిల్‌మెంట్ డబ్బుతో అక్కడున్న వాటిలో రెండో ఖరీదైన మెషిన్ కొన్నాడు. నేను ఉండబట్టలేక, ఇంకాస్త తక్కువలో చూపించనా సార్ అన్నాను. కౌంటర్ వెనక ఉన్నవాడు అనకూడని మాట అది, మా మేనేజర్ విని ఉంటే నా ట్యాగు కూడా జేబులోకే వెళ్లేది. ఆయన ఏమన్నాడంటే, ‘బాబూ, నిన్నటిదాకా పాడైతే ఆఫీసువాళ్లు ఇంకోటి ఇచ్చేవాళ్లు. ఇప్పుడు పాడైతే ఇచ్చేవాడు లేడు. సొంతంగా డ్రాయింగ్ పని చేసుకోవాలి.’

అప్పుడు అర్థమైంది నాకు. చేతిలో డబ్బు ఆడుతున్నప్పుడు మనిషి నాసిరకం కొనడానికి భయపడడు, పాడైతే ఇంకోటి కొనొచ్చు. మళ్లీ కొనగలనో లేదోనన్న అనుమానం మొదలైనప్పుడే గట్టిది వెతుకుతాడు. మీ సెక్షన్‌లో ఆ ముగ్గురినీ ఓసారి కదిపి చూడండి. ఒకరైనా ‘ఇంక ఐదారేళ్లు దీని జోలికి పోనక్కర్లేదు’ అంటారని నా పందెం.

ఇంకో సంగతి. మాంద్యం దెబ్బ అందరి మీదా ఒకేలా పడదు. అమెరికాలో నిరుద్యోగం 2009 అక్టోబర్‌లో 10 శాతానికి చేరింది, అది చాలా పెద్ద అంకె. కానీ డిగ్రీ, ఆ పైన చదివినవాళ్లలో అది 5 శాతం దగ్గరే ఉంది. ఖరీదైన లాప్‌టాప్ కొనేది ఎక్కువగా వాళ్లే. ఫ్యాక్టరీలో, నిర్మాణంలో పని పోయినవాడు అంతకుముందు కూడా ఈ గిరాకీలో లేడు, ఆ తర్వాతా లేడు. వినడానికి బాధగానే ఉంటుంది. అమ్మకాల పట్టికలో మాత్రం ఆ బాధ ఎక్కడా కనిపించదు.

ధర సంగతీ మరవకండి. యాపిల్ మొండిగా నిలబడిందని అందరూ రాస్తారు గానీ, 2009 జూన్‌లో అదీ దిగింది. పదిహేనంగుళాల మ్యాక్‌బుక్ ప్రో మొదటి ధర 1,999 డాలర్ల నుంచి 1,699కి వచ్చింది. మ్యాక్‌బుక్ ఎయిర్ 1,799 నుంచి 1,499కి. పదమూడంగుళాల దానికి ‘ప్రో’ అని పేరు పెంచి, ధర మాత్రం 1,299 నుంచి 1,199కి తగ్గించారు. ఆ తర్వాతి మూడు నెలల్లోనే మ్యాక్‌ల అమ్మకాలు 30 లక్షలు దాటాయి, ముందు ఏడాది కంటే 17 శాతం ఎక్కువ. పేరు పై రకమే, ధర ఓ మెట్టు కింద. చవక మెషిన్లు అమ్మేవాడికి ఆ సౌకర్యం లేదు. వాడికి ఒక్కోదాని మీద మిగిలేదే కొంచెం, అందులో ఇంకా తగ్గిస్తే ఎదురు డబ్బు పెట్టుకోవాలి.

ప్రశ్న: కష్టకాలంలో ఆడవాళ్లు లిప్‌స్టిక్ ఎక్కువ కొంటారట, దాన్ని లిప్‌స్టిక్ ఎఫెక్ట్ అంటారట. లాప్‌టాప్ కూడా అలాంటి చిన్న సంతోషమేనా? (డిగ్రీ విద్యార్థిని)

జవాబు: సౌందర్య సాధనాలు చేసే ఎస్టీ లాడర్ కంపెనీ అప్పటి అధిపతి లెనర్డ్ లాడర్ 2001 మాంద్యం రోజుల్లో ప్రచారంలోకి తెచ్చిన మాట అది. వినడానికి బాగుంటుంది కాబట్టి నిలిచిపోయింది, ప్రతి మాంద్యంలోనూ నిజం కాలేదు. 2020లో అందరూ మూతికి మాస్కు కట్టుకున్నాక లిప్‌స్టిక్ ఎవరికి చూపిస్తారు?

లాప్‌టాప్‌ను ‘చిన్న సంతోషం’ అంటే నేను ఒప్పుకోను. జీతంలో అది పెద్ద ముక్కే. కానీ ఒక పోలిక పనికొస్తుంది. కారు కొనాలనుకున్నవాడు ఈ ఏడాదికి ఆపేశాడు, ఇల్లు కొనాలనుకున్నవాడూ ఆపేశాడు. ఆ దాచిన డబ్బు ముందు లాప్‌టాప్ చిన్నదైపోతుంది. ‘కారే మానేశాం, ఇదైనా మంచిది తీసుకుందాం’ అని భార్యాభర్తలు నా ఎదురుగానే అనుకున్నారు. అందులో కొంచెం సంతోషం ఉంది, కాదనను.

ప్రశ్న: అన్నా, నేను లాప్‌టాప్‌ల షోరూమ్‌లో పనిచేస్తాను. గిరాకీ తగ్గింది. ఈసారి పై మోడల్సే ఎక్కువ తెప్పిద్దాం, మాంద్యంలో అవే అమ్ముడుపోతాయి అంటున్నారు మా ఓనర్. నాకు టెన్షన్‌గా ఉంది. (పేరు రాయలేదు)

జవాబు: నీ టెన్షన్ సరైనదే తమ్ముడూ. మీ ఓనర్‌కు రెండు కథలు చెప్పు.

మొదటిది డెల్ అడామో. 2009 మార్చిలో, సరిగ్గా మాంద్యం మధ్యలో, 1,999 డాలర్ల మొదటి ధరతో వచ్చింది. అల్యూమినియం ఒళ్లు, పదహారు మిల్లీమీటర్ల మందం, చూస్తే కళ్లు తిప్పుకోలేం. అడామో అంటే లాటిన్‌లో ప్రేమలో పడటమట. జనం పడలేదు. 2011కల్లా ఆ పేరే తీసేశారు. అదే కాలం, అదే ధర, యాపిల్ మెషిన్ మాత్రం అమ్ముడుపోయింది. ధర ఎక్కువున్నంత మాత్రాన ఎవరూ కొనరు. ఇది ఏళ్లు వస్తుందని, పాడైతే బాగుచేసేవాడు ఉంటాడని, అమ్మితే ఎంతో కొంత వస్తుందని నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం కొత్త పేరుకు ఏడాదిలో రాదు.

రెండోది ఈమధ్య జరిగింది. 2020లో ప్రపంచ ఆర్థిక వ్యవస్థే సుమారు 3 శాతం కుంగింది. అయినా ఐడీసీ అనే మార్కెట్ పరిశోధన సంస్థ లెక్క ప్రకారం ఆ ఏడాది పీసీల అమ్మకాలు 13 శాతం పెరిగి 30 కోట్లు దాటాయి. 2021లో దాదాపు 35 కోట్లు. ఇంట్లోంచి ఆఫీసు, ఇంట్లోంచి బడి, తెలిసిందే. 2020 నవంబర్‌లో వచ్చిన యాపిల్ ఎం1 చిప్ కూడా ఆ గాలికే పైకి లేచింది. మరి 2022లో? 16 శాతం పైగా పడిపోయి 29 కోట్లకు దిగింది. 2023 మొదటి మూడు నెలల్లో పెద్ద కంపెనీల్లో అందరికంటే గట్టి దెబ్బ తిన్నది యాపిలే, ఐడీసీ లెక్కలో ఏకంగా 40 శాతం పతనం. పై రకానికి మాంద్యం అంటదనేవాళ్లకు ఈ ఒక్క అంకె చాలు. ఐదారేళ్లు వచ్చే మెషిన్ నిన్ననే కొన్నవాడు ఇవాళ మళ్లీ ఎందుకు వస్తాడు? మన్నిక కొనేవాడికి మంచిదే, అమ్మేవాడికి మాత్రం గిరాకీ మళ్లీ రావడానికి ఐదేళ్లు పడుతుంది.

కాబట్టి మీ దగ్గరికి వచ్చేవాళ్లు ఆఖరుసారి ఎప్పుడు కొన్నారో బిల్లు పుస్తకంలో చూడండి. ఎక్కువమందివి ఐదేళ్ల పాత మెషిన్లయితే పై మోడల్స్ తెప్పించమను. మొన్న రెండేళ్ల కిందటే కొన్నవాళ్లయితే, ఛార్జర్లు, బ్యాటరీలు తెప్పించమను.

ప్రశ్న: అన్నయ్యగారూ, మా అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరింది. ఖరీదైన లాప్‌టాప్ కావాలంటోంది, ఫ్రెండ్స్ అందరికీ అదే ఉందట. మావారి కంపెనీలో ఇప్పటికే రెండుసార్లు మనుషుల్ని తీసేశారు. ‘మంచిది ఒక్కసారే కొంటే పోతుంది కదా, ఈఎంఐ పెట్టుకుందాం’ అంటున్నారు ఆయన. మీరేమంటారు? (ఒక గృహిణి)

జవాబు: అమ్మా, ‘మంచిది ఒక్కసారే’ అన్న మాట నేనూ నమ్ముతాను. ఒకసారి నేనే చవకకు పోయి అనుభవించాను. ఇంట్లోకని ఒక చవక లాప్‌టాప్ కొన్నాను, కంపెనీ పేరు వద్దులెండి. రెండేళ్లకు మూత తెరుస్తుంటే పటుక్కుమంది. రిపేర్ చేసేవాణ్ని కదా, విప్పి చూసుకున్నాను. తెరను పట్టుకునే హింజ్ స్క్రూలు ఇత్తడి నట్లలోకి వెళ్తాయి, ఆ నట్లను ప్లాస్టిక్‌లో కూర్చోబెడతారు. హింజ్ బిగుసుకుపోయి, తెరిచినప్పుడల్లా లాగి లాగి, నట్లను ప్లాస్టిక్‌తో సహా పెకలించేసింది. హింజ్ ఒక్కటే మారిస్తే సరిపోదు, అది కూర్చునే ఒళ్లే మార్చాలి. ఆ ఖర్చు మెషిన్‌కున్న విలువకు దగ్గరగా పోయింది. నా బల్ల మీదికి వచ్చిన చవక లాప్‌టాప్‌లలో ఈ జబ్బు చూడని వారం లేదు.

అయితే ఖరీదైనవాటి జబ్బూ చెప్పాలి. 2009 నాటి అల్యూమినియం మ్యాక్‌బుక్ ప్రోలలో ర్యామ్ (మెమరీ), హార్డ్ డిస్క్ మార్చుకోవచ్చు. ఎనిమిదేళ్ల పాతదానికి హార్డ్ డిస్క్ బదులు వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేసి ఇస్తే, కొత్తదిచ్చినట్టు దణ్ణం పెట్టి తీసుకెళ్లినవాళ్లున్నారు. ఇప్పటి సన్నటి మెషిన్లలో చాలావాటికి ర్యామ్ బోర్డు మీదే అతికించి ఉంటుంది, కొన్నిటికి స్టోరేజీ కూడా అంతే. కీబోర్డు మీద గ్లాసుడు నీళ్లు పడితే బోర్డు మొత్తం పోవచ్చు. అంటే మంచిది ఎక్కువ కాలం వస్తుంది, కానీ పోతే ఒక్కసారే పోతుంది.

లెక్క చూద్దాం. ఖరీదైనది చవకదానికి రెండింతలు ధర అనుకోండి. చవకది మూడేళ్లు, ఖరీదైనది ఆరేళ్లు వస్తే ఏడాదికి పడే ఖర్చు సమానమే. ఆరేళ్ల తర్వాత అమ్మితే వచ్చేది లాభం. కానీ ఈ లెక్క డబ్బు చేతిలో ఉన్నవాళ్లదే తల్లీ. ఈఎంఐ పెట్టి కొంటే వడ్డీ వచ్చి చేరుతుంది. నాలుగో నెలలో మీవారి ఉద్యోగానికి ఏమైనా అయితే లాప్‌టాప్ ఆరేళ్లు వస్తుందన్నది మిమ్మల్ని ఆదుకోదు. ఇంటి ఖర్చులకు ఆరు నెలల డబ్బు పక్కన ఉందా? ఉండి, ఆ పైన మిగిలితే కొనండి. లేకపోతే ఈసారికి వద్దు. మీవారికి నా మాటగా చెప్పండి, నన్ను తిట్టుకున్నా ఫర్వాలేదు.

మధ్యే మార్గం ఒకటుంది, మాంద్యంలోనే బాగా దొరుకుతుంది. కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన లాప్‌టాప్‌లు. లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ రకాలు. కొత్తగా ఉన్నప్పుడు అవీ ఖరీదైనవే, హింజ్‌లు గట్టివి, విడిభాగాలు దొరుకుతాయి. ఆఫీసులు మనుషుల్ని తగ్గిస్తున్నప్పుడు ఇవి గుట్టలుగా బయటికొస్తాయి. కొనేటప్పుడు ప్రాసెసర్ ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతది అయి ఉండాలి, దానికంటే పాతవాటికి విండోస్ 11 అధికారికంగా రాదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్‌లో ముగిసింది. మూత పది పన్నెండుసార్లు తెరిచి మూసి చూడండి. ప్రతి కీ నొక్కి చూడండి. ఛార్జర్ పీకేసి అరగంట వీడియో పెట్టి బ్యాటరీ ఎంత దిగిందో చూడండి, అమ్మేవాడు విసుక్కున్నా సరే. మీ అమ్మాయి ప్రోగ్రామింగ్ చదువుకు ఇది చాలు. డిజైన్ సాఫ్ట్‌వేర్ బరువైనవి వాడే బ్రాంచి అయితే కాలేజీలో సీనియర్లను అడిగి చూడమనండి.

ఫ్రెండ్స్ అందరికీ ఉందన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. మా అమ్మాయి అదే మాట అన్నప్పుడూ దొరకలేదు.

ప్రశ్న: మాంద్యం ముదిరితే ధరలు ఇంకా తగ్గుతాయి కదా, ఆగమంటారా? (ఓ పాఠకుడు)

జవాబు: 2023లో మెమరీ చిప్‌లు కొనేవాడు లేక పేరుకుపోయి ధరలు పడ్డాయి. ఆ వెంటనే కంపెనీలు తయారీ తగ్గించాయి, ధరలు మళ్లీ లేచాయి. ఈ ఆట ఎప్పుడు ఎటు తిరుగుతుందో చిప్‌లు చేసేవాళ్లకే అంతుపట్టదు. మీ పాతది పనిచేస్తోందా? చేస్తుంటే ఫ్యాన్‌లో దుమ్ము దులిపించి, ప్రాసెసర్ వేడిని బయటికి పంపే థర్మల్ పేస్ట్ మార్పించి వాడండి. అరగంట పని.